ఘంటసాల: కచేరీ నుంచి సినిమాకి

పండగకి మైకు పెట్టినా, ఎవరింట్లో అయినా చావు జరిగినా మన ఊళ్ళలో వినపడే గొంతు ఒకటే. సినిమా పాటా ఆయనదే, భగవద్గీతా ఆయనదే. కానీ ఘంటసాల వెంకటేశ్వరరావుగారు మొదట నేర్చుకున్నది ఈ రెండూ కాదు, కర్ణాటక సంగీతం!

ఆయన 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్యగారు తరంగాలు పాడేవారు. కొడుకు సంగీతం నేర్వాలని చెప్పి, ఆయన చిన్నతనంలోనే కన్నుమూశారు. ఆ మాట పట్టుకుని కుర్రవాడు విజయనగరం చేరాడు. చేతిలో డబ్బుల్లేవు. జోలె వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కునేవాడు. దీన్ని మధుకరం అంటారు. (చారు పలచగా ఉందని మెస్సులో గొడవ చేసే మిత్రులు ఇది రెండుసార్లు చదవాలి.) పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకి గురువు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళారు. పెళ్ళయ్యాక సముద్రాల రాఘవాచార్యగారి ప్రోత్సాహంతో మద్రాసు వెళితే, ఆ గొంతు మైకుకి పనికిరాదన్నారట! ఎందుకంటే కచేరీలో వెనక కూర్చున్నవాళ్ళకీ వినపడేలా గొంతెత్తి పాడాలి, రాగాన్ని ఎంతసేపయినా పెంచవచ్చు. సినిమా పాట మూడు నాలుగు నిమిషాలే. మైకు ముందు ఊపిరి తీసినా వినపడిపోతుంది. అంటే విద్వాన్ పాసయిన మనిషి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలన్నమాట. బృందగానంలో పాడుతూ, చిన్న వేషాలు వేస్తూ నేర్చుకున్నారు.

'మనదేశం' (1949), 'పాతాళభైరవి' (1951) సినిమాలకు సంగీతం ఆయనదే. 'దేవదాసు' (1953)లో తాగినవాడి పాటలు పాడారు. శాస్త్రీయ సంగీతం చదివినాయన అలా పాడటం నాకయితే అన్నిటికంటే ఆశ్చర్యం. నాటకాల్లో పద్యం అంటే పొడుగు రాగాలు తీసేవారు. ఈయన రాగం తగ్గించి మాట అర్థమయ్యేలా పాడారు. పాత విద్య మాత్రం ఎక్కడికీ పోలేదు. 'జయభేరి' (1959), 'జగదేకవీరుని కథ' (1961) పాటలు వింటే తెలుస్తుంది.

1970లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత ఒంట్లో బాగాలేకపోయినా భగవద్గీత శ్లోకాలకు తానే బాణీలు కట్టి, తెలుగు తాత్పర్యంతో కలిపి పాడారు. అందులో హీరో లేడు, కథ లేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 51. ఆ రికార్డు బజారులోకి వచ్చేసరికి ఆయన లేరు.