జార్జ్ ఎబర్‌హార్డ్ రంఫియస్

జార్జ్ ఎబర్‌హార్డ్ రంఫియస్ (1627 - జూన్ 15, 1702) జర్మనీలో జన్మించి, నేటి ఇండోనేషియాలోని అంబోన్ ద్వీపంలో స్థిరపడిన ప్రకృతి శాస్త్రవేత్త. సముద్రపు నత్తలను, గవ్వలను అవి నివసించే తీరంలోనే ఉండి పరిశీలించి, వర్గీకరించిన తొలితరం పండితులలో ఇతడు ముఖ్యుడు. ఈ కృషిలో అధికభాగం ఇతడు చూపు కోల్పోయిన తరువాతనే జరిగింది.

జీవితం

రంఫియస్ 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, మరుసటి సంవత్సరం బటేవియా (నేటి జకార్తా) చేరుకున్నాడు. అంబోనుకు వెళ్ళిన పిదప సైనికోద్యోగం వదలి కంపెనీ వర్తక శాఖకు మారాడు. లవంగాల వ్యాపారం చూసుకుంటూనే మొక్కలను, సముద్ర జీవులను సేకరించసాగాడు. 1670లో ఇతనికి చూపు పోయింది. కంపెనీ ఇతనిని ఉద్యోగం నుండి తొలగించలేదు. 1674 ఫిబ్రవరి 17న సంభవించిన భూకంపంలో భార్య సుసానా, ఒక కుమార్తె మరణించారు. ఒక పుష్పానికి భార్య పేరు పెట్టి ఆమె స్మృతిని నిలిపాడు. 1687లో అగ్నిప్రమాదంలో చిత్రపటాలు కాలిపోయాయి. 1692లో వృక్షశాస్త్ర గ్రంథపు వ్రాతప్రతిని తీసుకువెళ్తున్న ఓడను ఫ్రెంచివారు ముంచివేశారు. గవర్నర్ జనరల్ క్యాంఫుయిస్ ముందుచూపుతో మరొక ప్రతి వ్రాయించి ఉంచడం వల్లనే ఆ గ్రంథం దక్కింది. ఇన్ని దెబ్బల తరువాత కూడా ఇతడు పని మానలేదు. కుమారుడు పౌలస్, కంపెనీ నియమించిన లేఖకులు, చిత్రకారులు ఇతనికి కళ్ళయ్యారు.

నత్తల అధ్యయనం

ఇతని 'అంబోన్ వింతల గది' 1705లో, అనగా మరణించిన మూడేళ్ళకు, ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. డచ్చి భాషలోని ఈ గ్రంథంలో మూడు భాగాలున్నాయి: మెత్తని పెంకు జీవులు, గట్టి పెంకు జీవులు, ఖనిజాలు. నత్తలు రెండవ భాగంలో వస్తాయి. అప్పటి ఐరోపా సంపన్నులకు గవ్వ అంటే అల్మారాలోని అలంకారం మాత్రమే. రంఫియస్ లోపలి జీవిని, దాని నివాసాన్ని, ప్రజలు దానిని వాడే తీరును, మలయా పేర్లను కూడా నమోదు చేశాడు. ఆ పేర్లు చెప్పిన స్థానికుల పేర్లు మాత్రం చాలావరకు మనకు దక్కలేదు.

శంకు ఆకారపు నత్త కుట్టి మనిషి మరణించిన ఉదంతాన్ని మొదట గ్రంథస్థం చేసినవాడు ఇతడే. బందా దీవిలో వలలాగుతూ అటువంటి నత్తను చేత పట్టిన ఒక బానిస స్త్రీకి చేతిలో మొదలైన దురద శరీరమంతా ప్రాకి, ఆమె ప్రాణాలు విడిచింది. ఇదే జాతికి చెందిన మరొక నత్త విషం ఆధారంగా తయారైన జికోనొటైడ్ అనే నొప్పి నివారిణికి 2004లో అమెరికాలో అనుమతి లభించింది.

ఈ నత్తలు గ్రుడ్లను తిత్తులలో పెట్టి రాళ్ళకు అంటిస్తాయి. చాలా రకాలలో ఆ తిత్తుల నుండి వెలువడిన డింభకాలు కొంతకాలం ప్రవాహాలలో తేలుతూ దూరతీరాలకు చేరతాయి. అందువల్లనే అంబోన్ తీరపు నత్తలు కొన్ని ఆఫ్రికా తూర్పు తీరం నుండి పసిఫిక్ దీవుల వరకు, మన దేశపు తీరాలలో కూడా కనిపిస్తాయి. ఒక్క చిన్న ద్వీపం గురించి వ్రాసిన పుస్తకం ఇంత విశాలమైన ప్రాంతానికి పనికివచ్చింది.

లిన్నేయస్ 1758లో జీవులకు రెండు పదాల శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు, పలు నత్తలకు రంఫియస్ గ్రంథంలోని బొమ్మలను ఆధారంగా చూపాడు. ఆ బొమ్మలలో కొన్ని అంబోన్‌లో గీసినవి కావు, హాలెండు సేకరణలలోని గవ్వలను చూసి గీసినవి. కనుక బొమ్మకూ వర్ణనకూ పొంతన ఉన్నదో లేదో తేల్చవలసిన పని తరువాతి శాస్త్రజ్ఞులపై పడింది.