కోడి రామమూర్తి నాయుడు

ఆంధ్రదేశమున బలమునకు మారుపేరుగా నిలిచిన కోడి రామమూర్తి నాయుడు 1882వ సంవత్సరమున వీరఘట్టములో జన్మించెను. ఆ గ్రామము నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో నున్నది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనముననే తల్లి గతించెను. చదువుపై బుద్ధి నిలువని కుమారుని తండ్రి విజయనగరమునకు, పోలీసుశాఖలో పనిచేయుచున్న నారాయణస్వామి యను తన తమ్ముని యింటికి పంపెను. అచటను బాలునికి పుస్తకములకంటె వ్యాయామశాలయే ప్రియమయ్యెను. పినతండ్రి అందులకు కోపగింపలేదు. మద్రాసునందలి సైదాపేటకు పంపి యొక సంవత్సరము వ్యాయామ శిక్షణ నిప్పించెను. రామమూర్తి తిరిగివచ్చి విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడయ్యెను. జీతము చిన్నదైనను అది నిశ్చింతయైన బ్రతుకుతెరువు. కాని ఆయన దానిని విడిచిపెట్టి, పొట్టి పంతులు అను మిత్రుని తోడ్పాటుతో సర్కసు స్థాపించెను.

అప్పటికి మనదేశీయులకు సర్కసు విద్య కొత్తది. మహారాష్ట్రుడగు విష్ణుపంత్ ఛత్రే 1880లో దానికి నాంది పలికెను. వంగదేశమున ప్రియనాథ బోసు సర్కసులో సుశీలాసుందరి యను యువతి పులుల బోనులో ప్రవేశించి ప్రేక్షకులను విస్మయపరచెను. పులిని ఆడించువాడు బలముచేత దానిని గెలువజాలడు. ప్రతిదినము ఒకే కంఠస్వరముతో పిలిచి, ఒకే సైగ చేసి, దాని పీట దానికి చూపి, చెప్పినట్లు చేసినపుడు మాంసపుముక్క పెట్టి అలవాటు చేయవలెను. ఎంత దగ్గరకు పోయిన అది వెనుకకు తగ్గునో, ఇంకొక అడుగు వేసిన ఎప్పుడు మీదికి దుముకునో ఎరిగియుండవలెను. కాలు జారి పడినవాడు పులి కంటికి శిక్షకుడు కాడు, వేట.

రామమూర్తికి కీర్తి తెచ్చినది పులి కాదు, ఏనుగు. ప్రమాదము మాత్రము అట్టిదే. ఉక్కు గొలుసులను రొమ్మునకు చుట్టించుకొని, ఊపిరి పూరించి వానిని తెంపుట, రెండు కార్లను చెరియొక ప్రక్కకు కదలనీయక పట్టి నిలుపుట ఆయన చేసిన విద్యలలో కొన్ని. అన్నింటిలో కఠినమైనది ఏనుగును రొమ్ముపై నిలుపుకొనుట. ఆయన వెల్లకిల పరుండగా రొమ్ముపై పలక వేసెడివారు. ఏనుగు దానిపై కెక్కి నిలిచెడిది. పలక లేనిచో పాదము క్రింద ఎముకలు నుగ్గగును. పలక ఆ భారమును రొమ్మంతటికి పంచిపెట్టును. లోపల నిండిన గాలి పక్కటెముకలకు దన్నుగా నిలుచును. ప్రాణాయామమును ఏండ్ల తరబడి సాధన చేయుటచేతనే ఇది ఆయనకు సాధ్యమయ్యెను.

ఒక్క సంగతి యోచింపదగినది. ఊపిరి బిగబట్టినవాడు నోరు విప్పి కేక వేయజాలడు. మాట కొఱకు గాలిని విడిచెనా, ఎముకల దన్ను తప్పును. కావున ఆ కొన్ని క్షణములు ఆయన ప్రాణము పలక గట్టిదనమునందును, మావటి సైగయందును, ఏనుగు నేర్చిన విధేయతయందును ఉండెను. అది బెదరి అడుగు తప్పించిన చాలును. ఒకమారు పలక విరిగి ఆయన రొమ్మెముకకు దెబ్బ తగిలెననియు, శస్త్రచికిత్స పిదప కొన్ని నెలలకు కోలుకొనెననియు చెప్పుదురు. ఆ దెబ్బ తగిలినది బలము చాలక కాదు, కొయ్య మంచిది కాక. అయినను ఆయన మరల పలక క్రింద పరుండుటకు వెనుదీయలేదు.

ఆయనకు లభించిన బిరుదులు పెక్కు. వానిలో పూనాలో లోకమాన్య తిలక్ ఇచ్చిన మల్లమార్తాండ బిరుదము ఎక్కువ ప్రసిద్ధము. పరాయి పాలనలో దేశీయులు దుర్బలులని దొరలు తలచు దినములవి. భారతీయుని దేహబలమును లోకమునకు చూపుట తిలక్ వంటి నాయకునకు ఏల ప్రీతికరమయ్యెనో ఊహించుట కష్టము కాదు. రామమూర్తి లండనులో ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట తన విద్యలు ప్రదర్శించి, ఇండియన్ హెర్క్యులీస్ అను బిరుదము నందెనని ప్రతీతి. తెలుగువారు మాత్రము ఆయనను కలియుగ భీముడనిరి. భీముడన్న పేరే గాని ఆయన శాకాహారి.

కడపటి దినములు కష్టముతో గడచెను. కాలిపై లేచిన పుండు మానక, తుదకు ఆ కాలినే తీసివేయవలసివచ్చెను. అపుడు మత్తుమందు వలదని, ప్రాణాయామముతో ఊపిరిని నిలిపి, వైద్యుల కత్తికి కాలప్పగించెనని చెప్పుదురు. ఏనుగు క్రింద నేర్చిన విద్య ఆయనకు శస్త్రచికిత్స బల్లపై అక్కరకు వచ్చినది. తరువాత ఒరిస్సాలోని బలంగీరులో పట్నా సంస్థానాధీశుని ఆదరణలో కాలము గడిపి, 1942 జనవరిలో అచటనే కన్నుమూసెను.