ఉదయం కుంచె, మధ్యాహ్నం స్కేలు: లె కార్బూజియే

చండీగఢ్ నగర రూపశిల్పి ఎవరు? జనరల్ నాలెడ్జి పుస్తకం చదివిన వాళ్లమంతా లె కార్బూజియే అని ఠక్కున చెప్పేస్తాం. ఒక మార్కు వస్తుంది, ఆయన్ను అక్కడితో వదిలేస్తాం. ఆయన కొన్ని దశాబ్దాల పాటు ఉదయం పూటలను బొమ్మలు వేసుకోవడానికే అట్టిపెట్టుకున్నారని ఆ పుస్తకాల్లో ఉండదు. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నాం.

అసలు పేరు షార్ల్ ఎదువార్ జన్నరే. 1887 అక్టోబరు 6న స్విట్జర్లాండులోని లా షో ద ఫోన్ అనే ఊళ్లో పుట్టారు. ఊరంతా గడియారాల పనే. తండ్రి గడియారాల డయళ్లకు ఎనామిల్ పూత వేసేవారు. అంటే రంగు గాజుపొడిని లోహం మీద పూసి కొలిమిలో కాల్చే పని. తల్లి పియానో పాఠాలు చెప్పేవారు. పిల్లవాడు కూడా గడియారపు మూతలపై నగిషీలు చెక్కడం నేర్చుకోవడానికే ఊళ్లోని ఆర్ట్ స్కూల్లో చేరాడు. కంటిచూపు అంతంతమాత్రం. అక్కడి గురువు లెప్లతనియే ఆ కుర్రవాణ్ని భవన నిర్మాణం వైపు మళ్లించారు. శిష్యుడికి చిత్రకారుడు కావాలని ఉంది, గురువేమో ఇల్లు కట్టమన్నారు! ఒక స్థానిక ఆర్కిటెక్టు తోడ్పాటుతో తొలి ఇంటి పని చేపట్టేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఆర్కిటెక్చర్ డిగ్రీ ఆయనకు ఎప్పుడూ లేదు. పారిస్‌లో పెరే దగ్గర, బెర్లిన్ సమీపంలో బేరెన్స్ దగ్గర పనిచేస్తూ నేర్చుకున్నారు. పెరే ఆఫీసులో సగం రోజే పని. మిగతా సమయం మ్యూజియాలలో, గ్రంథాలయాలలో గడిచేది.

1917లో పారిస్‌లో స్థిరపడ్డాక చిత్రకారుడు ఒజాఁఫాఁ స్నేహంతో తైలవర్ణ చిత్రాలు మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే ఎడమ కంటి చూపు చాలావరకు పోయింది. అయినా కుంచె వదల్లేదు. 1920 నుంచి వ్యాసాలకు లె కార్బూజియే అనే పేరు పెట్టుకున్నారు గానీ, బొమ్మల కింద మాత్రం 1928 దాకా జన్నరే అనే సంతకం చేశారు. ఒకే మనిషి, రెండు పేర్లు, రెండు పనులు.

దినచర్య ఇలా ఉండేది: ఉదయం ఇంట్లో బొమ్మలు, మధ్యాహ్నం నుంచి సెవ్ర్ వీధిలోని ఆఫీసు. 1923 తర్వాత దాదాపు పదిహేనేళ్లు తన చిత్రాలను ప్రదర్శనకు పెట్టలేదు. అయినా వేస్తూనే ఉన్నారు. 1938లో జ్యూరిచ్‌లో ప్రదర్శించారు గానీ, ఆర్కిటెక్టుగా వచ్చిన పేరులో పదో వంతు కూడా చిత్రకారుడిగా రాలేదు. ఆ వెలితి ఆయన్ను చివరిదాకా బాధించింది. ఎవరూ చూడని బొమ్మల కోసం పదిహేనేళ్ల ఉదయాలు ఖర్చు పెట్టడం మాకైతే పెద్ద విషయంగానే తోస్తుంది.

ఆ ఉదయాలు మధ్యాహ్నాలకు పనికొచ్చాయి. సముద్రపు ఒడ్డున ఏరుకున్న పీత డొప్ప 1955లో పూర్తయిన రోంషాఁ చర్చికి పైకప్పు ఆలోచన ఇచ్చింది. ఆ చర్చి పెద్ద తలుపుకు ఆయనే స్వయంగా ఎనామిల్ బొమ్మలు వేశారు. చండీగఢ్ శాసనసభ భవనపు పెద్ద తలుపు మీదా ఎనామిల్ బొమ్మలే. అక్కడి హైకోర్టు గదుల కోసం గోడంత నేత తెరలకు బొమ్మలు గీసిస్తే మన దేశపు నేతగాళ్లే నేశారు. కొందరు న్యాయమూర్తులకు అవి నచ్చలేదు, అది వేరే కథ. ఎన్నోసార్లు గీసుకున్న తెరిచిన చేయి బొమ్మ మాత్రం ఆయన పోయిన ఇరవై ఏళ్లకు, 1985లో, గాలికి తిరిగే 26 మీటర్ల కట్టడంగా నిలబడింది.

ఆయన చేసినవన్నీ మెచ్చుకోవాలని కాదు. 1925లో పారిస్ నడిబొడ్డున పాత వీధులు కూల్చి 18 ఆకాశహర్మ్యాలు కట్టాలన్నారు. ఆ మాట నెగ్గకపోవడం పారిస్ అదృష్టం. చండీగఢ్‌లో మంత్రి నుంచి ప్యూను దాకా హోదాను బట్టి ఇళ్లు కట్టారు. చిన్న ఉద్యోగుల ఇళ్ల పని ఎక్కువగా చూసింది ఆయన కాదు, పియెర్ జన్నరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ. ఇటుకలు మోసిన కూలీలు తాత్కాలిక కాలనీల్లోనే ఉండిపోయారు. మనలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆ నగరాన్ని చూసేటప్పుడు ఇదీ గుర్తుంచుకోవాలి.

మన హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చరూ, చిత్రలేఖనమూ, శిల్పమూ ఒకే చోట నేర్పుతున్నారు. రికార్డు పుస్తకాల వెనక బొమ్మలు వేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

1952లో మధ్యధరా తీరాన ఆయన తన కోసం కట్టుకున్న చెక్క గది పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు. మన హాస్టల్ గదికీ దానికీ పెద్ద తేడా లేదు! 1965 ఆగస్టు 27న ఆ దగ్గరి సముద్రంలో ఈత కొడుతూ మరణించారు. భార్య యివోన్ పోయినప్పుడు తానే గీసిన సమాధిలో ఆమె పక్కనే ఆయన్నీ ఉంచారు. దాని మీద ఇద్దరి పేర్లున్న రంగురంగుల పలక ఒకటి ఉంది. అది ఎనామిల్ పలక, తండ్రి చేసిన పని.