నింగిని గెలిచిన నిండు మనిషి – జె.ఆర్.డి. టాటా

ఆకాశంలో విహరించాలనే కోరిక మానవునికి అనాదిగా ఉన్నదే. మన ప్రాచీన కవులు పుష్పక విమానాన్ని వర్ణించి ఆ ముచ్చట తీర్చుకొన్నారు. ఆధునిక భారతదేశంలో ఆ కలను నిజం చేసిన మహనీయుడు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. జె.ఆర్.డి.గా ఆయన లోకప్రసిద్ధుడు. విమానాన్ని నడపడం ఒక విద్య అయితే, విమాన సంస్థను నడపడం అంతకన్న కఠినమైన విద్య. రాబడి తగ్గి, ఖర్చులు పెరిగిన గడ్డు కాలంలో దేనిని వదులుకోవాలి, ఎవరిని నిలుపుకోవాలి అనే ధర్మసంకటం అక్కడ ఎదురవుతుంది. ఆ సంకటాన్ని ఎదుర్కొన్న తీరులోనే జె.ఆర్.డి. వ్యక్తిత్వం మనకు గోచరిస్తుంది.

ఆయన 1904 జులై 29న పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి రతన్‌జీ దాదాభాయ్ టాటా పారశీకుడు. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. ఫ్రాన్సు సముద్రతీరంలో వారి విడిదికి సమీపంలోనే లూయీ బ్లేరియో నివాసం ఉండేది. 1909లో ఇంగ్లీషు ఛానల్‌ను విమానంలో తొలిసారిగా దాటిన సాహసి ఆయనే. ఆ పరిసరాలలో పెరిగిన బాలుని మనస్సులో గగనయానంపై మక్కువ అంకురించింది. కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదవాలని ఆశించినా, తండ్రి పిలుపుమేరకు 1925లో టాటా సంస్థలో జీతం లేని శిక్షణార్థిగా చేరారు. మరుసటి ఏడాదే తండ్రి మరణించడంతో కుటుంబ భారం ఆయన భుజాలపై పడింది.

1929 ఫిబ్రవరిలో ఆయన విమాన చోదకునిగా అనుమతి పత్రం పొందారు. భారతదేశంలో జారీ అయిన ఆ పత్రం సంఖ్య 1. ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఒంటరిగా విమానం నడిపే తొలి భారతీయునికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. 1930లో కరాచీ నుండి బయలుదేరిన జె.ఆర్.డి.కి ఈజిప్టులో, ఎదురుదిశ నుండి వస్తున్న పోటీదారు ఆస్పీ ఇంజనీర్ తారసపడ్డాడు. స్పార్క్ ప్లగ్గులు లేక అతని విమానం నిలిచిపోయింది. జె.ఆర్.డి. తన వద్ద అదనంగా ఉన్నవాటిని అతనికిచ్చి ముందుకు సాగారు. ఆ పోటీలో ఆస్పీ కొద్ది గంటల తేడాతో గెలిచాడు. తరువాతి కాలంలో అతడు భారత వైమానిక దళాధిపతి అయ్యాడు. తాను ఓడినా తోటివాని ప్రయాణం ఆగరాదనే ఈ గుణం జె.ఆర్.డి.ని జీవితాంతం వీడలేదు.

నెవిల్ విన్సెంట్ అనే వైమానికుని సహకారంతో, రెండు లక్షల రూపాయల పెట్టుబడితో టాటా విమాన సర్వీసు ప్రారంభమైంది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. స్వయంగా పుస్ మాత్ విమానంలో తపాలా సంచులతో కరాచీ నుండి అహ్మదాబాదు మీదుగా బొంబాయి చేరారు. అక్కడి నుండి విన్సెంట్ ఆ తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకొనిపోయారు. నాటి ప్రభుత్వం ఆర్థిక సహాయం చేయలేదు. మోసిన తపాలా బరువును బట్టి రుసుము మాత్రమే చెల్లించేది. జుహూలోని మట్టి మైదానమే విమానాశ్రయం. వర్షాకాలంలో అది నీట మునిగితే సర్వీసును పూనాకు తరలించేవారు. ఇట్టి పరిమిత సాధనాలతో, పిడికెడు సిబ్బందితో పనిచేసిన అనుభవం ఆయనకు పొదుపు విలువను, పనివాని విలువను ఏకకాలంలో నేర్పింది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం విమానయాన రంగంలో విచిత్ర పరిస్థితి ఏర్పడింది. యుద్ధంలో మిగిలిన డకోటా విమానాలు కారుచౌకగా లభించాయి. ప్రయాణికుల సంఖ్యను గమనించకుండానే పలు కంపెనీలు వెలిశాయి. లైసెన్సులు విరివిగా జారీ అయ్యాయి. ఉన్న కొద్ది ఆదాయాన్ని అందరూ పంచుకోవలసి రావడంతో నష్టాలు పెరిగాయి. ఇంధన వ్యయం ఆ భారాన్ని అధికం చేసింది. కొన్ని కంపెనీలు మూతపడి, వాటిని నమ్ముకొన్నవారు వీధినపడ్డారు. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన నియమించిన విచారణ సంఘం, కంపెనీలను కొద్ది సంస్థలుగా విలీనం చేయడం మేలని సూచించింది. చివరకు ప్రభుత్వం జాతీయీకరణ మార్గాన్ని ఎంచుకొన్నది.

1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలు కలసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌గా అవతరించాయి. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలసి బేగంపేట కేంద్రంగా నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. విదేశీ సర్వీసులు ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు దక్కాయి. తనను సంప్రదించకుండా నిర్ణయం తీసుకొన్నందుకు జె.ఆర్.డి. ఎంతో బాధపడ్డారు. అయితే ఆ చట్టంలో ఒక మేలు ఉన్నది. 1952 జులై 1కి ముందు నుండి పనిచేస్తున్న ఉద్యోగులు అవే జీతాలతో, అవే షరతులతో కొత్త కార్పొరేషన్లలో కొనసాగే హక్కు పొందారు. తాను పెంచిన సంస్థనూ అందులోని వారినీ విడిచిపోవడం కర్తవ్య విముఖత అవుతుందని భావించిన జె.ఆర్.డి., అభిమానాన్ని దిగమింగి ఎయిర్ ఇండియా అధ్యక్ష పదవిని స్వీకరించారు. పాతికేళ్ళపాటు వేతనం లేకుండా ఆ బాధ్యత నిర్వహించారు.

పొదుపు పేరిట నాణ్యతను తగ్గించడం ఆయనకు గిట్టేది కాదు. విమానంలో ఇచ్చే తేనీటి రంగు మొదలు కిటికీ తెరల వరకు ప్రతి లోపాన్నీ కాగితంపై రాసుకొని అధికారులకు పంపేవారు. అశ్రద్ధ వల్ల కలిగే వ్యర్థమే అసలైన దుబారా అని ఆయన ఆచరణ చాటింది.

ఉద్యోగ భద్రత విషయంలో ఆయన దృక్పథానికి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం నిదర్శనం. అక్కడ కొత్త యంత్రాలు వస్తే ఉపాధి పోతుందని కార్మికులు భయపడ్డారు. 1956లో యాజమాన్యం, మైకేల్ జాన్ నాయకత్వంలోని కార్మిక సంఘం ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆధునికీకరణకు కార్మికులు సహకరించాలి. అందుకు ప్రతిగా పనిచేస్తున్నవారిలో ఎవరినీ తొలగించరాదు. ఉద్యోగ భద్రత అంటే సోమరితనానికి రక్షణ కాదనీ, నమ్మకానికి పునాది అనీ ఈ ఒప్పందం నిరూపించింది.

1978 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర ప్రభుత్వం ఆయనను ఎయిర్ ఇండియా అధ్యక్ష పదవి నుండి తప్పించింది. అందరి ఉద్యోగాల కోసం ఆలోచించినవానికే ఉద్వాసన పలికారు! సంస్థ మేనేజింగ్ డైరెక్టరు నిరసనగా రాజీనామా చేశారు. ఉద్యోగులు ఆవేదన చెందారు. జె.ఆర్.డి. మాత్రం హుందాతనం కోల్పోలేదు. 1980లో ప్రభుత్వం తిరిగి ఆహ్వానించినప్పుడు పాలకమండలి సభ్యునిగా సేవలందించారు. 1982లో, 78 ఏళ్ళ ప్రాయంలో, తన తొలి ప్రయాణాన్ని గుర్తుచేస్తూ కరాచీ నుండి బొంబాయికి మళ్ళీ విమానం నడిపారు. 1992లో భారతరత్న పురస్కారం ఆయనను వరించింది. 1993 నవంబరు 29న జెనీవాలో ఆయన తుదిశ్వాస విడిచారు.

తరువాతి కాలంలో ఎయిర్ ఇండియా అప్పుల ఊబిలో కూరుకుపోయింది. 2022 జనవరి 27న అది మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. తొలి ఏడాది ఉద్యోగులను ఎవరినీ తొలగించరాదనే నిబంధన ఆ అప్పగింతలో ఉన్నది. ఏడు దశాబ్దాల క్రితం సిబ్బందిని కలవరపరచిన ప్రశ్నే మళ్ళీ ముందుకు వచ్చిందన్నమాట.

గడ్డు కాలం ఏ పరిశ్రమకైనా తప్పదు. లెక్కల పుస్తకంలో జీతం ఒక ఖర్చుగా కనిపించవచ్చు. కానీ దాని వెనుక ఒక కుటుంబం, ఒక నైపుణ్యం, ఒక నమ్మకం ఉంటాయి. ఖర్చు తగ్గించుకోవలసిన వేళ ఈ సత్యాన్ని మరువని వారే నిజమైన నాయకులు. రేపటి పౌరులైన విద్యార్థులు జె.ఆర్.డి. జీవితం నుండి గ్రహించవలసిన పాఠం ఇదే.