పరమతములను చదువుమన్న పండితుడు - సర్వేపల్లి రాధాకృష్ణన్

మన మతమును గూర్చి ఇతరులు తెలిసి మాటాడవలెనని మనమందరము కోరుదుము. ఇతరుల మతమును గూర్చి మనము తెలిసి మాటాడుచున్నామా యను ప్రశ్నను మాత్రము తరచుగా మరచిపోవుదుము. ఈ రెండవ ప్రశ్నను కళాశాల తరగతిగదిలోనికి తేదలచిన మహనీయుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. రాష్ట్రపతిగా, ఉపాధ్యాయ దినోత్సవమునకు కారణభూతునిగా ఆయనను ఎరుగనివారు లేరు. డిగ్రీ విద్యార్థి ప్రపంచ మతములను ఏ క్రమమున చదువవలెనో ఆయన చూపిన త్రోవ మాత్రము కొలదిమందికే తెలియును.

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో ఒక సామాన్యమైన తెలుగు కుటుంబమున జన్మించిరి. తల్లి సీతమ్మ, తండ్రి వీరాస్వామి. ఇంటిపేరునకు మూలమైన సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామము. తండ్రి చిరుద్యోగి. అందుచేత కుమారుని చదువు చాలవరకు విద్యార్థి వేతనములతోనే సాగెను. తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాల, వేలూరులోని వూర్హీసు కళాశాల, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాల - ఇవి ఆయన చదివిన చోట్లు. బంధువొకరు తాను చదివి ముగించిన తత్త్వశాస్త్ర పుస్తకములను ఇచ్చుటచే ఆ శాస్త్రమునే అభ్యసించిరి.

ఇంటిలో పూజయు పురాణశ్రవణమును, బడిలో బైబిలు పాఠమును - ఇట్లు రెండు లోకముల నడుమ ఆయన బాల్యము గడచెను. హిందూమతము నీతికి తగిన ఆధారమును చూపజాలదనియు, జగత్తు మాయ యనువారికి ధర్మాధర్మ విచక్షణ ఎట్లు నిలుచుననియు మిషనరీ ఉపాధ్యాయులు విమర్శించుచుండిరి. ఆ మాటలు యువకుని మనస్సును కలచివేసెను. అట్టి సమయమున కొందరు విన్నదంతయు నమ్మి తమ యింటి ధర్మమును విడుతురు. మరికొందరు కోపముతో చెవులు మూసికొందురు. రాధాకృష్ణన్ ఈ రెండును చేయలేదు. మూలగ్రంథములను తెరచి, ఆ విమర్శలో నిజమెంత యని పరీక్షింప మొదలిడిరి.

ఆ పరీక్షకు ఫలము 1908లో ఎం.ఏ. పట్టమునకై వేదాంతములోని నీతిని గూర్చి ఆయన వ్రాసిన సిద్ధాంత వ్యాసము. దానిని పరిశీలించిన ఆచార్యుడు ఎ. జి. హాగ్ స్వయముగా క్రైస్తవ మత పండితుడు. తన మతస్థులు చేసిన విమర్శకు సమాధానముగా వ్రాయబడిన ఆ వ్యాసమును ఆయన చిన్నచూపు చూడలేదు. శిష్యుని విషయగ్రహణ శక్తిని మెచ్చి యోగ్యతాపత్రము నొసగెను. పరమతమును చదువుటయన నేమో గురుశిష్యులిద్దరును ఇట్లు ఆచరణలోనే చూపిరి.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగము ఆరంభించి, కొంతకాలము రాజమహేంద్రవరమునను, 1918 నుండి మైసూరునను, 1921 నుండి కలకత్తాలోను తత్త్వశాస్త్రమును బోధించిరి. 1923, 1927 సంవత్సరములలో వెలువడిన భారతీయ తత్త్వశాస్త్ర గ్రంథము రెండు సంపుటములలో షడ్దర్శనములతోపాటు బౌద్ధ జైనములకును సముచిత స్థానము నిచ్చిరి. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా వాల్తేరునకు దూరప్రాంతముల పండితులను రప్పించిరి. వారిలో వంగదేశీయుడైన హుమాయూన్ కబీర్ ఒకడు. 1936లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచ్య మతములను, నీతిశాస్త్రమును బోధించుటకు నూతనముగా ఏర్పడిన స్పాల్డింగ్ ఆచార్య పీఠమును మొట్టమొదట అధిష్ఠించిరి. మిషను బడిలో తన మతముపై విమర్శ విన్న బాలుడు, పాశ్చాత్య విద్యార్థులకు ప్రాచ్య మతములను బోధించు స్థానమును పొందెను.

1947లో దేశము విభజింపబడి, మతము పేర రక్తము ప్రవహించెను. ఆ మరుసటి సంవత్సరమే ప్రభుత్వము విశ్వవిద్యాలయ విద్యా సంఘమును నియమించి రాధాకృష్ణన్‌ను అధ్యక్షుని గావించెను. ఒకవంక రాజ్యాంగ రచన జరుగుచుండెను. పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు విద్యాలయములలో మతబోధ కూడదన్న నియమము అందులో 28వ అధికరణముగా నిలిచినది. అట్లయినచో మతమును గూర్చి విద్యార్థికి ఏమియు చెప్పకూడదా? మతమును బోధించుట వేరు, మతములను గూర్చి చదివించుట వేరు అన్న వివేకమే ఈ సంఘము చూపిన మార్గము.

1949లో వెలువడిన నివేదికలో మూడేండ్ల డిగ్రీ చదువునకు మూడు మెట్లు సూచింపబడినవి. మొదటి సంవత్సరమున బుద్ధుడు, కన్ఫ్యూషియసు, జరథుష్ట్రుడు, సోక్రటీసు, యేసు, శంకరుడు, రామానుజుడు, మధ్వుడు, మహమ్మదు, కబీరు, నానకు, గాంధీ మొదలగువారి జీవితములు. రెండవ సంవత్సరమున ప్రపంచ మతగ్రంథముల నుండి సర్వజన సమ్మతములైన భాగములు. మూడవ సంవత్సరమున మతతత్త్వ విచారణలోని ప్రధాన సమస్యలు. ఈ క్రమమున అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుని చేయి కనబడును. పడుచు వయస్సున మనస్సు సిద్ధాంతముకంటె ముందు మనిషిని చూచును. మనిషిపై గౌరవము కుదిరిన పిమ్మట అతని గ్రంథమును ఓర్పుతో చదువును. చదివిన తరువాత అడుగు ప్రశ్నలో తెలివి యుండును గాని ద్వేషముండదు.

ఆ పట్టికలో బసవేశ్వరుని పేరు లేదు. అది మన పాఠకులకు లోటుగా తోచుట సహజము. కాని ఆ పేర్లు ఉదాహరణములుగా చెప్పబడినవే. కాయకమును, దాసోహమును బోధించిన పన్నెండవ శతాబ్దపు మహాపురుషుని చరిత్రకు మొదటి మెట్టునను, వచనములకు రెండవ మెట్టునను చోటు కలదు. అయితే వచనములను ఇతరులు చదువవలెనని కోరువారు, ఖురానును, సువార్తలను, ధమ్మపదమును తామును తెరువవలసియుండును. రాధాకృష్ణన్ భగవద్గీతనే గాక ధమ్మపదమును సైతము ఆంగ్లమున అనువదించిరి.

సర్వమతములను ఆయన అద్వైత వేదాంతపు అద్దములోనుండియే చూచెనని కొందరు విమర్శకులు తప్పుపట్టిరి. ఈ మాటను త్రోసివేయనక్కరలేదు. విమర్శను చదువుతో ఎదుర్కొనవలెనన్నదే గదా ఆయన జీవితము నేర్పిన పాఠము.

1952లో ఉపరాష్ట్రపతియు, 1962లో రాష్ట్రపతియునైన పిమ్మటను ఆ మూడు మెట్ల పాఠక్రమము దేశమంతట అమలుకు రాలేదు. 1960లో శ్రీప్రకాశ సంఘమును, 1966లో కొఠారీ సంఘమును సర్వమత పరిచయము అవసరమని మరల చెప్పినవి. మతములను గూర్చి చదివించుట రాజ్యాంగ విరుద్ధము కాదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు నిచ్చినది. చట్టము అడ్డు కాకున్నను, కావలసిన గ్రంథములును నిష్పక్షపాతముగా చెప్పగల ఉపాధ్యాయులును సమకూడనిదే ఆ తరగతి నడువదు.

1975లో టెంపుల్టన్ బహుమానము లభింపగా, ఆ ధనమునంతయు రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకే ఇచ్చివేసిరి. ఆ యేటనే ఏప్రిల్ 17వ తేదీన మద్రాసులో పరమపదించిరి.

డిగ్రీ చదువు ఇప్పుడు కళాశాల గోడలు దాటినది. 1982లో స్థాపితమై నేడు హైదరాబాదు జూబిలీహిల్స్‌లో నున్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారా ఉద్యోగులును, గృహిణులును ఇంటనుండియే పట్టములు పొందుచున్నారు. ఇంటిలోనే చదువు సాగుచున్న ఈ కాలమున, రాధాకృష్ణన్ చెప్పిన మూడు మెట్లను మన మఠముల గ్రంథాలయములలోను, మన యిండ్లలోను ఆరంభించుటకు ఏ ఉత్తరువును అక్కరలేదు. ఒక మహాపురుషుని జీవితము, ఆయన గ్రంథములోని పది పుటలు, ఆపైన మనస్సులో పుట్టిన ఒక ప్రశ్న - మొదటి సంవత్సరమునకు ఇంతే చాలును.