ఆరు చుక్కల కుర్రాడు

లూయీ బ్రెయిల్ తన కోడ్‌ని దాదాపు పూర్తి చేసేసరికి అతనికి 15 ఏళ్లు. ఆ వయసులో మనం టెన్త్ పబ్లిక్ పరీక్షల టెన్షన్‌లో ఉన్నాం. లిఫ్ట్ బటన్ల పక్కన ఉండే చుక్కల పుణ్యమా అని ఆ పేరు అందరికీ తెలుసు. ఆ చుక్కల వెనక ఉన్న డిజైన్ గురించి మాత్రం సీఎస్ఈ వాళ్లం కూడా మాట్లాడుకోం. నేను స్క్రీన్ రీడర్ల గురించి చదువుతూ చదువుతూ వెనక్కి వెళ్లి ఈయన దగ్గర ఆగిపోయాను. ఇవాళ చూపు లేనివాళ్లు సాఫ్ట్‌వేర్‌తో పడే గొడవల్లో సగం ఆయన 1820లలోనే పడ్డాడు.

ప్యారిస్‌కి తూర్పున నలభై కిలోమీటర్ల దూరంలో కూప్‌వ్రే అనే పల్లెటూరు. 1809 జనవరి 4న లూయీ అక్కడ పుట్టాడు. నాన్న గుర్రాలకి జీనులు, పట్టీలు కుట్టేవాడు. మూడేళ్ల లూయీ నాన్న పనిచేసే గదిలో, తోలుకి బెజ్జాలు వేసే ఆరెతో ఆడుకుంటుంటే అది జారి కంట్లో దిగింది. ఆ కంటికి చీము పట్టి, అది రెండో కంటికి కూడా పాకింది. అప్పట్లో యాంటీబయాటిక్స్ ఎక్కడివి? ఐదేళ్లు వచ్చేసరికి చూపు మొత్తం పోయింది.

అయినా ఇంట్లోవాళ్లు మూల కూర్చోబెట్టలేదు. ఊరి బడికే పంపించారు. అందరూ పుస్తకం చూసి చదివితే లూయీ విని గుర్తుపెట్టుకునేవాడు. తెలివైనవాడని పేరొచ్చింది. 1819లో, పదేళ్ల వయసులో, ప్యారిస్‌లోని అంధ బాలల స్కూల్లో సీటు దొరికింది. వలాంటీన్ ఆయూయి స్థాపించిన స్కూలు అది. ప్రపంచంలో చూపులేని పిల్లల కోసం మొదలైన తొలి స్కూళ్లలో ఒకటి.

అక్కడ పుస్తకాలు ఉన్నాయి. మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. పిల్లలు ఒక్కో అక్షరం అంచుల వెంబడి వేలు తిప్పి, ఇది ఏ అక్షరమా అని పోల్చుకోవాలి. లైను చివరికి వచ్చేసరికి లైను మొదట్లో ఏముందో మర్చిపోతాం కదా, అంత నెమ్మది. పుస్తకాలు పెద్దవి, మోయలేనంత బరువు, పైగా చాలా తక్కువ. చదవడం ఎలాగో ఉంది, రాయడం అసలే లేదు. ఆయూయి మంచి మనసున్నవాడే, అందులో డౌట్ లేదు. కానీ ఆయన చేసింది కంటి కోసం తయారైన అక్షరాన్ని కాస్త పైకి లేపి వేలికి ఇవ్వడం.

1821లో షార్ల్ బార్బియే అనే ఆయన తన కొత్త పద్ధతిని ఈ స్కూలుకి తీసుకొచ్చాడు. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఈ పద్ధతి మన బ్రాంచ్ వాళ్లకి భలే నచ్చుతుంది. ఫ్రెంచ్ శబ్దాలన్నింటినీ ఆరు అడ్డువరసలు, ఆరు నిలువువరసల టేబుల్‌లో పెట్టాడు. ఒక శబ్దం రాయాలంటే ఎడమ పక్క అడ్డువరస నంబరు అన్ని చుక్కలు, కుడి పక్క నిలువువరస నంబరు అన్ని చుక్కలు. అంటే అచ్చంగా టూ డైమెన్షనల్ అర్రే ఇండెక్స్! పిల్లలు మొదటిసారి సొంతంగా రాసుకోగలిగారు, తాము రాసింది తామే చదువుకోగలిగారు.

లూయీకి అప్పుడు 12 ఏళ్లు. అతనికి చుక్కల ఐడియా నచ్చింది, మిగతాది నచ్చలేదు. ఒక్క శబ్దానికి 12 చుక్కల దాకా పడతాయి కాబట్టి అది వేలి కొన కింద పట్టదు. వేలిని పైకీ కిందకీ జరుపుతూ లెక్కపెట్టుకోవాలి. పైగా అన్నీ శబ్దాలే, స్పెల్లింగ్ లేదు, కామా ఫుల్‌స్టాప్ లేవు, అంకెలు లేవు, సంగీతం రాసే వీల్లేదు. బార్బియేకి చూపుంది కాబట్టి ఈ తేడా తెలియలేదు. లూయీకి తన వేలే టెస్టింగ్ పరికరం.

మూడేళ్లు కూర్చున్నాడు. 12 చుక్కల్ని 6 చేశాడు: రెండు నిలువు వరసలు, ఒక్కోదాంట్లో మూడు. ఇప్పుడు ఒక అక్షరం మొత్తం వేలి కొన కింద ఒక్కసారే తగులుతుంది, వేలు అటూ ఇటూ కదపక్కర్లేదు. చుక్క ఉండటం ఒకటి, లేకపోవడం సున్నా అనుకుంటే ఇది ఆరు బిట్ల కోడ్. ఖాళీ తీసేస్తే 63 గుర్తులు. మొదటి పది అక్షరాలకి పై నాలుగు చుక్కలే వాడాడు. తర్వాతి పదీ అవే, కాకపోతే ఎడమవైపు కింద ఒక చుక్క కలుస్తుంది. ఆస్కీలో ఒక్క బిట్ మారిస్తే స్మాల్ లెటర్ క్యాపిటల్ అయినట్టే. (డబ్ల్యూ మాత్రం ఈ వరసలో ఇమడదు. అప్పటి ఫ్రెంచ్‌కి దాంతో పనిలేక తర్వాత చేర్చారు.) 1829లో పుస్తకంగా ప్రచురించాడు. అందులో చుక్కలతో పాటు కొన్ని అడ్డగీతలు కూడా ఉన్నాయి, 1837 ఎడిషన్‌లో వాటిని పీకేశాడు.

ఆ స్కూల్లోనే 1833లో టీచరయ్యాడు. ప్యారిస్ చర్చిల్లో ఆర్గాన్ వాయించేవాడు. సంగీతానికి కూడా అవే ఆరు చుక్కలతో లిపి తయారుచేశాడు, అది ఇప్పటికీ వాడుకలో ఉంది.

కథ ఇక్కడ సాఫీగా సాగిపోవాలి కదా, సాగలేదు. 1840లో కొత్త డైరెక్టర్‌గా పియర్ అర్మాన్ డ్యూఫో వచ్చి చుక్కల్ని నిషేధించాడు. చూపున్నవాళ్లు చదవలేని లిపి ఎందుకు, అది పిల్లల్ని మిగతా సమాజం నుంచి వేరు చేస్తుంది అన్నది ఆ రోజుల్లో దాని మీద ఉన్న పెద్ద అభ్యంతరం. అంటే టీచర్లకి సౌకర్యంగా లేదన్నమాట. పిల్లలు చాటుగా రాసుకుంటూనే ఉన్నారు. చివరికి డ్యూఫో కింద పనిచేసే గాదే అనే ఆయన నచ్చజెప్పాక, 1844లో కొత్త భవనం ప్రారంభోత్సవంలో అందరి ముందూ చుక్కల లిపిని చదివించి చూపించారు.

ఈ నిషేధానికి ముందే లూయీ ఇంకో పని కూడా చేశాడు. చూపున్నవాళ్లకి ఉత్తరం రాయడానికి, మామూలు అక్షరం ఆకారాన్నే చుక్కలతో పొడిచే ఇంకో పద్ధతి 1839లో చేశాడు. చూపులేని స్నేహితుడు పియర్ ఫూకో దానికి ఒక మెషిన్ తయారుచేశాడు. బస్ టికెట్ల మీద చూసే డాట్ మ్యాట్రిక్స్ అక్షరాలకి అది ముత్తాత లాంటిది.

మాది కూచిపూడి. మా వీధిలో ఒక తాతగారు ఉన్నారు, ఒకప్పుడు మృదంగం వాయించేవారు. గ్లకోమాతో చూపు పోయింది. మనవడు ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టిచ్చాడు. స్క్రీన్ మీద వేలు జరుపుతూ మెసేజ్‌లన్నీ తెలుగులో వింటారు. ఒక బిల్లు కట్టే యాప్ తెరిస్తే మాత్రం బటన్, బటన్, బటన్ అని తప్ప ఏమీ వినపడదు. వాటికి పేర్లు పెట్టకుండా ఎందుకు వదిలేశారు నాయనా అని నన్ను అడుగుతారు, సీఎస్ఈ చదువుతున్నాను కదా. పేరు పెట్టడం అంటే కోడ్‌లో ఒక్క లైను. కంటికి బొమ్మ కనిపిస్తోంది కాబట్టి రాసినవాడికి ఆ లైను గుర్తు రాలేదు. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లదీ అదే సమస్య. చూడ్డానికి చక్కటి తెలుగే, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదే చదువుతుంది. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌ని 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కి చూపు లేదు. నాకైతే అది యాదృచ్ఛికం అనిపించదు.

లూయీకి చాలా ఏళ్లుగా క్షయ ఉంది. 1852 జనవరి 6న, 43వ పుట్టినరోజు అయిన రెండో రోజే చనిపోయాడు. ఆయన స్కూలు చుక్కల లిపిని అధికారికంగా తీసుకున్నది 1854లో. 1952లో అస్థికల్ని ప్యారిస్‌లో దేశంలోని గొప్పవాళ్లని ఉంచే పాంథియన్‌కి తరలించారు, చేతులు మాత్రం కూప్‌వ్రేలోనే ఉంచుకున్నారు.

మన దేశ భాషలన్నింటికీ కలిపి భారతి బ్రెయిల్ 1951లో ఖాయమైంది. తెలుగు క, హిందీ క, ఇంగ్లిష్ కే, మూడింటికీ అవే రెండు చుక్కలు. గుణింతం పైనా కిందా ఎక్కదు, హల్లు పక్కన వరసలో వస్తుంది. అందుకని కూచిపూడి అన్న పేరు మన కంటికి నాలుగు అక్షరాలు, బ్రెయిల్‌లో ఎనిమిది గళ్లు. యూనికోడ్‌లోనూ సరిగ్గా ఎనిమిదే. ల్యాప్‌టాప్ దగ్గరుంటే పైథాన్‌లో లెన్ ఫంక్షన్‌కి ఇచ్చి చూసుకోండి.