యాకూత్ అల్-హమవీ

యాకూత్ అల్-హమవీ (1179 - 1229) మధ్యయుగానికి చెందిన ప్రసిద్ధ భౌగోళిక నిఘంటుకారుడు, జీవిత చరిత్రల రచయిత, యాత్రికుడు. గ్రీకు సంతతికి చెందిన ఇతడు బాల్యంలోనే బానిసగా అమ్ముడుపోయి బాగ్దాదు చేరాడు. అక్కడ అరబ్బీ భాషలో పాండిత్యం సంపాదించి, తన గ్రంథాలన్నిటినీ ఆ భాషలోనే రచించాడు. నగరాలు, పట్టణాలు, గ్రామాలు, పర్వతాలు, నదులు మొదలైన వాటిని అక్షర క్రమంలో వివరించే "ముజమ్ అల్-బుల్దాన్" (దేశాల నిఘంటువు) ఇతని ప్రధాన రచన. ఒకే పేరు గల వేరు వేరు ప్రదేశాలను మాత్రమే ఏరి కూర్చి "అల్-ముష్తరిక్" అనే మరొక గ్రంథాన్ని కూడా రచించాడు. పేర్లు కలిసిన ఊళ్ళ విషయంలో చదువరులకు కలిగే అయోమయాన్ని ఒక క్రమపద్ధతిలో తొలగించిన పూర్వ విజ్ఞానసర్వస్వకర్తలలో ఇతడు ముఖ్యుడు.

పేరు, బిరుదులు

అరబ్బీ భాషలో యాకూత్ అనగా కెంపు. ఆ కాలంలో బానిసలకు రత్నాల పేర్లు, సుగంధ ద్రవ్యాల పేర్లు పెట్టడం వాడుకలో ఉండేది. అందువలన ఇదే పేరు గల ప్రముఖులు మరికొందరు కూడా చరిత్రలో కనిపిస్తారు. అందమైన చేతివ్రాతకు పేరుపొందిన యాకూత్ అల్-ముస్తాసిమీ (మరణం 1298) వేరొక వ్యక్తి. విద్వాంసుడిగా కొంత గుర్తింపు వచ్చిన తరువాత ఈ గ్రంథకర్త తన పేరును యాకూబ్‌గా మార్చుకున్నాడని చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ వ్రాశాడు. అయినప్పటికీ లోకంలో పాత పేరే నిలిచిపోయింది.

హమవీ అనగా సిరియాలోని హమా పట్టణానికి చెందినవాడని అర్థం. వాస్తవానికి అది యాకూత్ జన్మస్థలం కాదు, అతనిని కొనుగోలు చేసిన వర్తకుని ఇంటిపేరు. బైజాంటైన్ సామ్రాజ్య భూభాగాన్ని అరబ్బులు రూమ్ అని పిలిచేవారు కనుక యాకూత్‌కు "అర్-రూమీ" అనే పేరు కూడా ఉంది. ఊళ్ళ పేర్ల చిక్కులను విడదీయడానికి జీవితాన్ని వెచ్చించిన ఈ పండితుడు, తనది కాని ఊరి పేరుతోనే ప్రసిద్ధుడయ్యాడు.

బాల్యం, విద్యాభ్యాసం

యాకూత్ 1179లో బైజాంటైన్ ప్రాంతంలో జన్మించాడు. చిన్నతనంలోనే బందీగా చిక్కి బాగ్దాదుకు తీసుకురాబడ్డాడు. అక్కడ అస్కర్ అల్-హమవీ అనే వర్తకుడు ఇతనిని కొన్నాడు. ఆ వర్తకునికి చదువు అంతగా రాదు. తన వ్యాపార లెక్కలు చూడడానికి ఉపయోగపడతాడనే ఉద్దేశంతో బాలుని బడికి పంపించాడు. యాకూత్ వ్యాకరణ సాహిత్యాలలో ఆసక్తి పెంచుకుని, బాగ్దాదులోని ప్రసిద్ధ వ్యాకరణ పండితుడు అల్-ఉక్బరీ వంటి వారివద్ద విద్యను అభ్యసించాడు.

పెద్దవాడైన తరువాత యజమాని పనిమీద పర్షియా సింధుశాఖలోని కీష్ ద్వీపానికి, ఒమన్‌కు, సిరియాకు పలుమార్లు ప్రయాణించాడు. రేవులలో, సంతలలో, సత్రాలలో పలు ప్రాంతాల వారితో కలిగిన ఈ పరిచయం తరువాతి కాలంలో ఇతని రచనలకు పునాది అయ్యింది.

స్వేచ్ఛ, జీవనోపాధి

యజమానికి, యాకూత్‌కు మధ్య మనస్పర్థలు రావడంతో 1199 ప్రాంతంలో యజమాని ఇతనిని బానిసత్వం నుండి విడిచిపెట్టి, ఇంటి నుండి పంపివేశాడు. చేతిలో ధనం లేని యాకూత్ కూలికి వ్రాతప్రతులు నకలు చేస్తూ పొట్టపోసుకున్నాడు. అచ్చుయంత్రం లేని ఆ కాలంలో ఇది పండితులకు ఒక జీవనోపాధి. నకలు చేసిన ప్రతి పుస్తకమూ చదివిన పుస్తకమే కావడం వలన ఇతని పరిజ్ఞానం విస్తరించింది.

కొంతకాలానికి యజమానితో సఖ్యత కుదిరి, తిరిగి అతని తరఫున కీష్ ద్వీపానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి యజమాని మరణించి ఉన్నాడు. తనవద్ద ఉన్న సొమ్ములో కొంత భాగాన్ని యజమాని భార్యాబిడ్డలకు ఇచ్చి, మిగిలిన దానిని పెట్టుబడిగా పెట్టి పుస్తకాల వ్యాపారం చేపట్టాడు.

యాత్రలు

పుస్తకాల వ్యాపారం కోసం, విద్య కోసం యాకూత్ తబ్రీజ్, మోసుల్, సిరియా, ఈజిప్టు ప్రాంతాలలో సంచరించాడు. దమాస్కస్ సంతలో ఖలీఫా అలీని గురించి జరిగిన ఒక వాదంలో ఇతడు పలికిన మాటలు ప్రజలకు ఆగ్రహం తెప్పించాయి. ప్రాణభయంతో అక్కడినుండి తప్పించుకుని అలెప్పో, మోసుల్, ఇర్బిల్ పట్టణాల మీదుగా తూర్పున ఉన్న ఖోరాసాన్ చేరాడు.

ఖోరాసాన్‌లోని మెర్వ్ నగరం (నేటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉంది) ఆనాడు గ్రంథాలయాలకు ప్రసిద్ధి. వాటిలో ఒకదానిలో సుమారు 12,000 సంపుటాలు ఉండేవని యాకూత్ నమోదు చేశాడు. ధరావతు అడగకుండానే గ్రంథాలయాల వారు పుస్తకాలను ఇంటికి ఇచ్చేవారని, తన గదిలో ఒక్కొక్కసారి 200 సంపుటాల వరకు ఉండేవని కూడా వ్రాశాడు. తన గ్రంథాలకు కావలసిన సమాచారంలో అధికభాగం ఇక్కడే సేకరించాడు.

నిఘంటువు రచనకు కారణం

1218లో మెర్వ్‌లో జరిగిన ఒక పండిత గోష్ఠిలో ఇస్లాముకు పూర్వం అరేబియాలో సంత జరిగిన ఒక స్థలం ప్రస్తావనకు వచ్చింది. దాని పేరును "హుబాషా" అని పలకాలని యాకూత్ చెప్పాడు. సభలోని మరొక పండితుడు "హబాషా" అనడమే సరియైనదని పట్టుబట్టాడు. యాకూత్ తన మాటకు ఆధారం చూపించడానికి నగరంలోని గ్రంథాలయాలలో వెదకినప్పటికీ చాలాకాలం వరకు ఫలితం లభించలేదు.

ఈ వివాదం ఎంత చిన్నదిగా కనిపించినా, దాని వెనుక ఉన్న సమస్య పెద్దది. అరబ్బీ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా విడిచిపెడతారు. కొన్ని అక్షరాల మధ్య చుక్కలు మాత్రమే భేదం. తెలుగులో వలె గుణింతపు గుర్తులు స్పష్టంగా ఉండవు కనుక, వేరు వేరుగా పలికే రెండు ఊళ్ళ పేర్లు కాగితం మీద ఒకటిగానే కనిపించవచ్చు. నకలు వ్రాసేవాడు ఒక చుక్క మరచిపోతే ఒక ఊరు మరొక ఊరుగా మారిపోతుంది. ఇటువంటి సందేహాలు తీర్చే గ్రంథం ఒకటి అవసరమని గుర్తించి, యాకూత్ దానిని తానే రచించడానికి పూనుకున్నాడు.

మంగోలుల దండయాత్ర

1219లో యాకూత్ మెర్వ్ నుండి ఖ్వారిజ్మ్ వెళ్ళాడు. సరిగా ఆ సమయంలోనే చెంగిజ్ ఖాన్ సేనలు ఆ ప్రాంతంపై విరుచుకుపడ్డాయి. యాకూత్ సర్వస్వం కోల్పోయి, పలు కష్టాలు అనుభవిస్తూ పారిపోయి, 1220లో కట్టుబట్టలతో మోసుల్ చేరాడు. 1221లో మంగోలులు మెర్వ్‌ను ధ్వంసం చేశారు. ఇతడు చదువుకున్న గ్రంథాలయాలు ఆ విధ్వంసంలో నశించాయి. అందువలన అక్కడి పుస్తకాల నుండి యాకూత్ సేకరించిన విషయాలలో కొన్నింటికి ఇతని గ్రంథమే నేడు ఆధారం.

మోసుల్ నుండి ఇతడు అలెప్పోలోని విద్వాంసుడు, పుస్తక ప్రియుడు అయిన అల్-కిఫ్తీకి తన దుస్థితిని వివరిస్తూ లేఖ వ్రాశాడు. అతని ఆదరణలో నిఘంటువు రచన కొనసాగింది.

ముజమ్ అల్-బుల్దాన్

ఈ గ్రంథం మొదటి ప్రతి 1224లో పూర్తయ్యింది. ప్రారంభంలో భూమి స్వరూపం, ప్రపంచాన్ని ఏడు మండలాలుగా విభజించే పద్ధతి, దూరాల కొలతలు, జయించిన భూములకు సంబంధించిన శిస్తు నియమాలు, వివిధ దేశాల విశేషాలు వివరించే 5 అధ్యాయాలు ఉన్నాయి. ఆ తరువాత అరబ్బీ వర్ణమాలలోని 28 అక్షరాల ననుసరించి 28 భాగాలుగా ప్రదేశాల వివరాలు ఉన్నాయి.

ఒక్కొక్క ప్రదేశం గురించి సాధారణంగా ఈ క్రిందివి కనిపిస్తాయి:

- పేరులోని అక్షరాలు, వాటిపై వచ్చే అచ్చులు (గుర్తులతో కాక మాటలలోనే చెప్పడం వలన నకళ్ళలో తప్పు దొర్లే అవకాశం తగ్గింది)
- పేరుకు అర్థం, వ్యుత్పత్తి
- ఏ ప్రాంతంలో ఉన్నది, సమీప నగరం నుండి ఎంత దూరం
- చరిత్ర, ఎవరి పాలనలోకి ఎప్పుడు వచ్చింది
- ఆ ఊరికి చెందిన పండితులు, కవులు

తాను చూసిన ఊళ్ళను స్వానుభవంతోను, చూడని వాటిని పూర్వగ్రంథాల ఆధారంగాను యాకూత్ వర్ణించాడు. ఇతడు భారతదేశానికి వచ్చిన దాఖలాలు లేవు. అయినప్పటికీ ముల్తాన్, సింధు తీరంలోని దైబుల్, మిరియాలకు ప్రసిద్ధమైన మలబారు గురించి ఈ గ్రంథంలో వ్రాశాడు. నమ్మశక్యం కాని వింత కథలను కూడా విడిచిపెట్టకుండా, వాటిపై తన సందేహాన్ని తెలియజేస్తూనే నమోదు చేశాడు.

అల్-ముష్తరిక్

ఈ గ్రంథం పూర్తి పేరుకు "పేరులో కలిసినవి, స్థలంలో వేరైనవి" అని అర్థం. పెద్ద నిఘంటువు కోసం సేకరించిన సమాచారం నుండి ఒకే పేరు గల ప్రదేశాలను యాకూత్ ఇందులో ఒకచోట చేర్చాడు. ఒక పేరు చెప్పి, ఆ పేరుతో ఎన్ని ప్రదేశాలు ఉన్నాయో తెలిపి, వాటిని ఒక్కొక్కటిగా వివరించడం ఇందులోని పద్ధతి.

ఈ సమస్యకు ఉదాహరణలు:

- బస్రా: ఒకటి ఇరాక్‌లోని ప్రసిద్ధ రేవు పట్టణం. మరొకటి ఆఫ్రికా పశ్చిమోత్తర భాగంలో, నేటి మొరాకోలో ఉండేది.
- ఖాదిసియా: ఒకటి అరబ్బులకు, పర్షియన్లకు మధ్య యుద్ధం జరిగిన కూఫా సమీప ప్రదేశం. మరొకటి సమర్రా వద్ద ఉన్న గ్రామం.
- రుసాఫా: బాగ్దాదులో, సిరియాలో, స్పెయిన్‌లోని కార్డోబాలో ఈ పేరుతో ప్రదేశాలు ఉండేవి.
- హీరా: కూఫా సమీపంలోని ప్రాచీన నగరం, నిషాపూర్‌లోని ఒక పేట.
- మెర్వ్: ఖోరాసాన్‌లోనే రెండు ఉండేవి. పెద్దదానిని మర్వ్ అష్-షాహిజాన్ అని, నది ఒడ్డున ఉన్న చిన్నదానిని మర్వ్ అర్-రూద్ అని పిలిచేవారు.

ఈ భేదం తెలియడం కేవలం భూగోళ విషయం కాదు. అరబ్బుల సంప్రదాయంలో మనుషులను వారి ఊరి పేరుతో గుర్తిస్తారు. ప్రవక్త ప్రవచనాలను ఒకరినుండి ఒకరు విని చెప్పినవారి పరంపరను పరిశీలించేటప్పుడు, ఫలానా వ్యక్తి ఏ బస్రాకు, ఏ హీరాకు చెందినవాడో తెలియకపోతే ఇద్దరు వ్యక్తులు ఒక్కరిగా, ఒక్కరు ఇద్దరుగా పొరబడే ప్రమాదం ఉంది. న్యాయ నిర్ణయాలు కూడా ఆ ప్రవచనాల ప్రామాణికతపై ఆధారపడేవి.

ఇటువంటి పనికి యాకూత్ ఆద్యుడు కాదు. అల్-హాజిమీ (మరణం 1188) ఇదే విషయంపై ఒక గ్రంథం రచించాడు. అది నిజానికి అంతకు పూర్వమే నస్ర్ అల్-ఇస్కందరీ రచించిన గ్రంథం నుండి తీసుకున్నదని యాకూత్ తన పెద్ద నిఘంటువు పీఠికలో ఆరోపించాడు.

ఇతర రచనలు

సాహితీవేత్తల జీవితాలను అక్షర క్రమంలో వివరించే "ముజమ్ అల్-ఉదబా" (సాహితీవేత్తల నిఘంటువు) ఇతని మరొక ప్రసిద్ధ గ్రంథం. దీనికి "ఇర్షాద్ అల్-అరీబ్" అనే పేరు కూడా ఉంది.

చివరి రోజులు

మొదటి ప్రతి పూర్తయిన తరువాత కూడా యాకూత్ ప్రయాణాలు ఆపలేదు. 1227లో మరొకసారి ఈజిప్టు వెళ్ళాడు. 1228లో నిఘంటువు శుద్ధప్రతి వ్రాయడం మొదలుపెట్టాడు. 1229 ఆగష్టులో అలెప్పో నగరం వెలుపల ఒక సత్రంలో మరణించాడు. తన పుస్తకాలను బాగ్దాదులోని ఒక మసీదుకు చేర్చవలసిందిగా కోరుతూ చరిత్రకారుడు ఇబ్న్ అల్-అసీర్‌కు అప్పగించాడు. ఆ సంవత్సరమే అలెప్పో వచ్చిన ఇబ్న్ ఖల్లికాన్, నగరంలోని వారు యాకూత్‌ను ప్రశంసిస్తూ ఉండడం తాను విన్నట్లు వ్రాశాడు.

తరువాతి కాలంలో

తన నిఘంటువును ఎవరూ సంక్షిప్తం చేయరాదని యాకూత్ పీఠికలో కోరాడు. అయినా సుమారు ఒక శతాబ్దం తరువాత సఫీ అల్-దీన్ (మరణం 1338) అనే బాగ్దాదు పండితుడు దానిని సంక్షిప్తం చేసి "మరాసిద్ అల్-ఇత్తిలా" అనే గ్రంథం తయారుచేశాడు. మూలం చాలా పెద్దది కావడం వలన సంక్షిప్తం కూడా ప్రచారం పొందింది.

జర్మన్ పండితుడు ఫెర్డినాండ్ వుస్టెన్‌ఫెల్డ్ 1846లో అల్-ముష్తరిక్‌ను, 1866 - 1873 మధ్యకాలంలో ముజమ్ అల్-బుల్దాన్‌ను 6 సంపుటాలుగా పరిష్కరించి ప్రచురించాడు. సాహితీవేత్తల నిఘంటువును ఆంగ్లేయ పండితుడు మార్గోలియత్ 1907 నుండి సంపుటాలుగా ప్రచురించాడు.

ప్రాముఖ్యత

ఒకే పేరు గల ఊళ్ళు అన్ని దేశాలలోను ఉన్నాయి. హైదరాబాదు తెలంగాణలోను, పాకిస్తాన్‌లోని సింధ్‌లోను ఉంది. తెలుగు జిల్లాలలో రామాపురం, వెంకటాపురం, కొత్తపల్లి వంటి పేర్లతో అనేక గ్రామాలున్నాయి. వీటిని వేరుపరచడానికి నేటి విజ్ఞానసర్వస్వాలు ఊరి పేరు ప్రక్కన మండలం పేరో, జిల్లా పేరో చేర్చి, అన్నిటినీ చూపే అయోమయ నివృత్తి పేజీ ఒకటి ఏర్పాటు చేస్తాయి. పేరు, ఆ పేరుతో ఉన్న ప్రదేశాల సంఖ్య, ఒక్కొక్కటి ఏ ప్రాంతానికి చెందినది అనే వరుసను యాకూత్ 13వ శతాబ్దంలోనే పాటించాడు. ఊరిని సరిగా గుర్తించడం ఆ ఊరి మనుషులను, చరిత్రను సరిగా గుర్తించడమేనని ఇతని గ్రంథాలు తెలుపుతాయి. మెర్వ్ వంటి నగరాలు నశించిన తరువాత కూడా వాటి పేటల పేర్లు, పండితుల పేర్లు తెలుసుకోవడానికి చరిత్రకారులు నేటికీ ఇతని నిఘంటువును సంప్రదిస్తున్నారు.